హెలెన్ గారు తలుపు తట్టిన చలికాలం

కిందటి నెల టెక్సాస్‌లో, ప్లేనోలో, కారు బ్రేకులు చూపించుకుందామని షెడ్డుకి వెళ్ళి, అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటే, లోపలి గదిలోంచి ఎవరో తలుపు తీశారు. చల్లటి గాలితో పాటు మెషిన్ ఆయిల్ వాసన, దాని వెనక తడి సిమెంటు వాసన, ఇంకా వెనకెక్కడో మాడిన కాఫీ వాసన వరసగా వచ్చి మొహానికి తగిలాయి. నలభై దాటినదాన్ని, ఒక్క క్షణం ఏడేళ్ళ పిల్లనైపోయి, పక్కన అమ్మ చెయ్యి కోసం తడుముకున్నాను. ఆ వాసన ఇల్లినాయ్‌లో, నేపర్‌విల్‌లో, మా పక్కింటి హెలెన్ గారి బేస్‌మెంట్‌ది. చిన్నతనం అనగానే చాలామందికి మల్లెపూలూ కొత్త బియ్యమూ గుర్తొస్తాయట. నాకు ఇనుమూ నూనే గుర్తొస్తాయి, వాటితో పాటు ఇప్పటికీ పోని ఒక చిన్న భయమూ.

తొంభైల మొదట్లో, ఒక మే నెలాఖరున, అమ్మా నేనూ విశాఖపట్నం నుంచి వచ్చి ఆ ఇంట్లో దిగాం. నాన్న అంతకు ఏడాది ముందే వచ్చి, చికాగోలో కంప్యూటర్ల ఉద్యోగంలో కుదురుకుని, మా కోసం ఆ చిన్న తెల్ల ఇల్లు అద్దెకు తీసుకుని ఉంచారు. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కితే చీకటి పడే వేళకి వచ్చేవారు. అమ్మ విశాఖలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ఇక్కడ నాన్న వీసాకి వెనక వేసిన తోకలాంటి వీసా మీద ఉండేది, దాని మీద ఉద్యోగం చెయ్యకూడదు. కారు నడపడం రాదు, నడిచి వెళ్ళేంత దూరంలో కొట్టు లేదు. నాన్న వెళ్ళగానే అమ్మ గిన్నెలు తోమి, స్టవ్ తుడిచి, మళ్ళీ తుడిచి, కిటికీ దగ్గర స్టూలు వేసుకుని రోడ్డు కేసి చూస్తూ కూర్చునేది. ఆ రోడ్డు మీద మనుషులు నడిచేవాళ్ళు కాదు, కార్లు పోయేవి, గడ్డి కోసే యంత్రం రొద పెట్టేది, మేపుల్ చెట్ల నీడలు గోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగేవి, అంతే. అట్లు వేస్తే పొగకి కప్పు మీద అలారం మోగేది. అమ్మ తువ్వాలు పట్టుకుని దాని కింద గెంతుతూ విసిరేది, నేను నవ్వేదాన్ని, అమ్మ కూడా నవ్వేది. ఆ ఎండాకాలం అమ్మ నవ్వింది ఆ అలారం కిందే.

హెలెన్ గారితో పరిచయం సైరన్ వల్ల అయింది. జూన్‌లో మొదటి మంగళవారం పదింటికి, ఆకాశంలో మబ్బు తునకైనా లేకుండా ఎండ కాస్తుంటే, ఊరంతా ఒక్కసారిగా సైరన్ కూత మొదలుపెట్టింది. అమ్మ మొహంలో రక్తం లేదు. తనకి పదమూడేళ్ళప్పుడు, పాకిస్తాన్‌తో యుద్ధంలో, విశాఖలో ఇలాగే సైరన్లు మోగేవట. కిటికీలకి నల్ల కాయితాలు అంటించుకుని, మంచాల కింద దూరి, పైన విమానం వెళ్ళిపోయేదాకా ఊపిరి బిగబట్టేవాళ్ళట. నన్ను చంకనేసుకుని, కాళ్ళకి చెప్పులైనా లేకుండా అమ్మ బయటికి పరిగెత్తింది. పక్కింటి గుమ్మంలో పొడుగాటి ముసలావిడ, పొట్టి తెల్ల జుట్టు, మగవాళ్ళ చొక్కా, మమ్మల్ని చూసి ఒక్క మాటైనా అడగకుండా రమ్మని చెయ్యి ఊపి, తన బేస్‌మెంట్‌లోకి దింపింది. కూత ఆగాక నింపాదిగా చెప్పింది, అది సుడిగాలి హెచ్చరిక సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడమని, ప్రతి నెలా మోగుతుందని. అమ్మకి ఇంగ్లీషు వచ్చు కానీ ఆవిడ యాస అందేది కాదు. టీవీ పుణ్యమా అని నాకు తొందరగా అందింది. అప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్యా దుబాసీని నేనే, నాకు అర్థం కాని సంగతులన్నీ ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మోశాను.

ఆ బేస్‌మెంట్‌లో ఒక గోడకి పనిముట్లు వేలాడేవి, సుత్తులూ పట్టకార్లూ డ్రిల్లు మరా, అన్నీ నూనె రాసి నిగనిగలాడుతూ. ఇంకో గోడకి మడత కుర్చీలు ఆనించి ఉండేవి. నేను లెక్కపెట్టాను, నలభై. ఒక్కతే ఉండే ముసలావిడకి నలభై కుర్చీలెందుకని అమ్మ అడగమంది, అడిగాను. ఆవిడ కాఫీ పోసి, చాలా రోజుల పాటు, కొంచెం కొంచెంగా చెప్పింది.

ఇరవయ్యేళ్ళప్పుడు, మగవాళ్ళంతా పెద్ద యుద్ధానికి పోతే, ఆవిడ విమానాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరిందట. రెక్కల రేకులు కలిపే రివిట్లు కొట్టే పని. రేకుకి బయట ఒకరు నిలబడి రివిటు కొడుతుంటే, లోపల ఒకరు ఇనప కడ్డీ అదిమి పట్టుకోవాలి. ఒకరి మొహం ఒకరికి కనపడదు, చప్పుడుని బట్టే పని సాగాలి. లోపల పట్టుకునే అమ్మాయి పేరు లొరేన్. మూడేళ్ళు అలా పనిచేశారు. యుద్ధం అయిపోయిన వారంలో ఒక శుక్రవారం ఆడవాళ్ళందరినీ ఒక చోటికి పిలిచి, మేనేజరు చాలా మర్యాదగా థాంక్స్ చెప్పి, కేకు కోసి పెట్టి, సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడట. "కేకు బావుంది," అంది హెలెన్ గారు. "సగం తిన్నాక అర్థమైంది మాకు."

ఆ తరవాత పెళ్ళి, ఇల్లు, పిల్లాడు. పొద్దున్నే లేవలేకపోతుంటే డాక్టరు మాత్రలిచ్చాడట. నేను అమ్మకి "నరాల మాత్రలు" అని చెప్పాను. ఆ వీధిలో ఎవరి సొరుగు తీసినా అవే మాత్రలు ఉండేవట. పదిహేను, ఇరవయ్యేళ్ళ తరవాత ఆడవాళ్ళు ఒకరింట్లో ఒకరు కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, అప్పుడు కొన్నవి ఆ కుర్చీలు. మంగళవారం పొద్దున్న, మొగుళ్ళు ఆఫీసులకి వెళ్ళాక. బ్యాంకులో అప్పు కావాలంటే మొగుడి సంతకం ఎందుకు, కడుపుతో ఉంటే టీచరుద్యోగం ఎందుకు తీసేస్తారు, ఇలాంటివి. పెళ్ళయి అదే ఊరొచ్చిన లొరేన్ కూడా వచ్చి ముందు వరసలో కూర్చునేది. తరవాత రాజ్యాంగంలో ఆడా మగా సమానమని రాయించాలని దేశమంతా కదిలితే, వీళ్ళు తెల్ల బట్టలు కట్టుకుని బస్సుల్లో రాష్ట్ర రాజధానికి వెళ్ళి, శాసనసభ మెట్ల మీద నిలబడ్డారు. ఏళ్ళ తరబడి వెళ్ళారు. మా రాష్ట్రం ఒప్పుకోలేదు.

లొరేన్ సంగతి మాత్రం ఆవిడ ఒక్కసారే చెప్పింది, కిటికీ కేసి చూస్తూ. రెండు మంగళవారాలు లొరేన్ రాలేదట. ఇంటికెళ్ళి తలుపు తడితే భర్త తీసి, ఆమె పడుకుని ఉంది, విశ్రాంతి తీసుకుంటోంది అన్నాడట. పరదాలన్నీ వేసి ఉన్నాయి. సరేనని వచ్చేసింది. నెల తిరిగేసరికి ఆ ఇంటి ముందు అమ్మకానికని బోర్డు పెట్టి ఉంది. లొరేన్‌ని ఆస్పత్రిలో పెట్టాడన్నారు, కాదు ఇంకో రాష్ట్రం తీసుకుపోయాడన్నారు, ఏదీ తేలలేదు. "నేను ఒక్కసారే తట్టాను," అంది హెలెన్ గారు. అది తెలుగులో చెప్పేసరికి అమ్మ లేచి వెళ్ళి తన కప్పు కడిగి, ఆవిడ కప్పూ కడిగింది.

ఆగస్టులో ఆవిడ అమ్మకి డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టింది. పడవంత పొడుగు పాత కారు, చర్చి ముందు ఖాళీ స్థలం, అమ్మ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని కాన్వాసు బూట్లు వేసుకునేది. వెనక సీట్లో నేను, "లెఫ్ట్ అంటోందమ్మా, మెల్లగా అంటోంది, అరవడం లేదు, గొంతే అంత" అని చెబుతూ. అమ్మ ఆవిణ్ణి "హెలెన్ గారూ" అని పిలిచేది. ఆవిడ అదంతా ఒకే పేరనుకుని ఫోన్లో కూడా "దిస్ ఈజ్ హెలెన్‌గారు" అనేది. ఇంటికొచ్చాక అమ్మ బూట్లు పెట్టెలో పెట్టి, పెట్టె మంచం కిందికి తోసేది. "నాన్నకి ఇప్పుడే చెప్పకమ్మా, పరీక్ష పాసయ్యాక నేనే చెబుతా," అనేది. అంతే చెప్పింది. కానీ సాయంత్రం నాన్న బూట్ల చప్పుడు వినపడగానే నేను వెళ్ళి ఆ మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేదాన్ని, పెట్టె కనపడకుండా.

అక్టోబరులో మేపుల్ ఆకులు ఎర్రబడి రాలిపోతూ, ప్రతి ఇంటి ముందూ గుమ్మడికాయలకి కళ్ళూ పళ్ళూ చెక్కి పెట్టిన రోజుల్లో అట్లతద్ది వచ్చింది. గోరింటాకు పొడి కలిపి నా చేతులకి చందమామ పెట్టింది అమ్మ. స్కూలు నుంచి రాగానే, కోటు మీద కోటు తొడిగి, పార్కులో ఉయ్యాల ఊపింది. రోజంతా ఉపవాసం ఉండి, చంద్రుడు కనపడగానే పదకొండు అట్లు వాయనం ఇవ్వాలి, ఒక ముత్తయిదువకి. తెలుగువాళ్ళంటే నాన్న ఆఫీసు స్నేహితుడి భార్య పద్మ ఆంటీ ఒక్కరే, ముప్ఫై మైళ్ళ దూరం. అమ్మ కాసేపు పళ్ళెం పట్టుకుని వంటింట్లో నిలబడి, తరవాత కొంగు కప్పి తిన్నగా హెలెన్ గారి గుమ్మానికి నడిచింది. ఆవిడ భర్త పోయి పదేళ్ళు. అది అమ్మకి తెలుసు. "ఇస్తినమ్మ వాయనం" అంటే ఏమనాలో నేను నేర్పితే, ఆవిడ వంకర నాలుకతో "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని, రెండు చేతులా అట్లు అందుకుని, అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టింది.

ఆ ఆదివారం పద్మ ఆంటీ వాళ్ళు భోజనానికొచ్చారు. నా చేతులు చూసి మురిసిపోతూ ఆంటీ అడిగింది, "ఎవరికిచ్చారే వాయనం?"

"హెలెన్ గారికి," అన్నాను గొప్పగా.

"వాళ్ళాయన ఏం చేస్తాడు?"

"చచ్చిపోయాడు ఎప్పుడో. ఆవిడ అమ్మకి డ్రైవింగ్ కూడా నేర్పుతోంది తెలుసా!"

గరిటె చప్పుడు ఆగిపోయింది. నాన్న తలెత్తలేదు, పెరుగన్నం కలుపుతూనే ఉన్నారు, చాలాసేపు కలిపారు. పద్మ ఆంటీ మాత్రం అమ్మ కేసి తిరిగి, గొంతు తగ్గించి, "మొగుడి ఆయుష్షు కోసం చేసే నోము సుగుణగారూ," అంది. "ఇంక ఎవరూ దొరకలేదా?"

నాన్న అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది ఇప్పుడు. మర్నాటి నుంచి ఆయన మరీ మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆఫీసు నుంచి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి, ఏం చేస్తున్నావు, వెనక ఏమిటా చప్పుడు అని అడిగేవారు. పక్కింటికి వెళ్ళొద్దని నాకు చాక్లెట్ ఇచ్చి చెప్పారు. రోడ్డు వైపు కిటికీకి మందపాటి పరదా కొని తెచ్చి, చలి ఎక్కువైందని చెప్పి, తనే మేకులు కొట్టారు. డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం, టీ తాగుతూ అన్నారు, "మా అమ్మకి ఒంట్లో బాగుండటం లేదట. నువ్వూ పాపా వెళ్ళి ఓ ఆర్నెల్లు ఉండి రండి."

ఆ శనివారం రాజమండ్రికి ఫోన్ కలిపినప్పుడు నాన్నమ్మని నేనే అడిగాను, ఎలా ఉందని. "నాకేమే, గుండ్రాయిలా ఉన్నా," అంది. నాన్న నా చేతిలోంచి రిసీవర్ తీసేసుకున్నారు. నాన్న ఆఫీసు బ్యాగులో టికెట్లు ఉన్నాయి, మా ఇద్దరి పాస్‌పోర్టులూ ఉన్నాయి. అమ్మ ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు టికెట్లు తీసి చూసి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ అలాగే పెట్టేసింది. "పోవడానికే ఉన్నాయి, రావడానికి లేవు," అంది, నాతో కాదు, ఎవరితోనూ కాదు.

మంచు పడటం మొదలైంది. ఆ మంచులో ప్రతి పొద్దున్నా పదింటికి హెలెన్ గారు వచ్చి మా తలుపు తట్టేది. నాన్న వెళ్ళాక, ఫోన్ మోగడానికి ముందు. మూడుసార్లు తట్టి, కాసేపు ఆగి, వెళ్ళిపోయేది. అమ్మ వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి వినేది, తీసేది కాదు. స్కూలు సెలవుల్లో నేను పరదా అంచు ఎత్తి చూసేదాన్ని. మా మెట్ల నుంచి ఆవిడ మెట్ల దాకా ఒక్క మనిషి అడుగుల దారి, కొత్త మంచు పడితే కప్పుకుపోయి మర్నాడు మళ్ళీ పడేది. ఒక రోజు, "తియ్యమ్మా" అని ఏడ్చాను. "తీస్తే మళ్ళీ వెయ్యలేనే," అంది అమ్మ.

మేం వెళ్ళాల్సింది జనవరిలో ఒక శనివారం సాయంత్రం. పెట్టెలు హాల్లో నిలబెట్టి ఉన్నాయి. నాన్న ఇంట్లోనే ఉన్నారు, బయట డ్రైవ్‌వేలో మంచు తీసి వచ్చి చేతులు కాచుకుంటున్నారు. పదింటికి తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. నాన్నే తీశారు. హెలెన్ గారు అమ్మని చూడాలంది. నాన్న చాలా మర్యాదగా, చిరునవ్వుతో అన్నారు, "షీ ఈజ్ రెస్టింగ్."

ఆ మాట ఇంతకు ముందు ఎవరన్నారో ఆ ఇంట్లో నాన్నకి తప్ప అందరికీ తెలుసు. హెలెన్ గారి మొహం చూశాను, పండిపోయిన ఆ మొహం ఒక్కసారిగా ఇంకా ముసలిదైపోయింది. వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి, మా మెట్ల మీద మంచుని చేత్తో తోసి, కూర్చుంది. "అయితే లేచేదాకా ఉంటాను," అంది.

డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ చలిలో. నాన్న బతిమాలారు, పోలీసుల్ని పిలుస్తానన్నారు, మళ్ళీ బతిమాలారు. ఎదురింటాయన మంచు పార పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చింది. పడకగదిలోకి వెళ్ళి, మంచం కింది పెట్టె లాగి, బూట్లు తీసి, నాన్న ఎదురుగానే నేల మీద కూర్చుని లేసులు కట్టుకుంది. కోటు వేసుకుని ఆయన్ని దాటుకుని బయటికెళ్ళి, హెలెన్ గారి పక్కన కూర్చుంది.

"లోపలికి రా సుగుణా. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి."

"నీకేం తక్కువ చేశానని?"

"ఏమీ తక్కువ చెయ్యలేదండీ," అంది అమ్మ. "మీ అమ్మగారికి నిజంగా బాగులేకపోతే రేపే వెళ్తా, తిరుగు టికెట్‌తో. లేదంటే నేను వెళ్ళను. ఇక్కడ కాలేజీలో చేరతా. పాప కూడా వెళ్ళదు."

నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది. గట్టిగా పట్టుకుని ఉంది. నేను అమ్మ కేసి చూడలేదు, నాన్న కేసి చూడలేదు; పద్మ ఆంటీకి నేను చెప్పిన మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. చివరికి ఆ చెయ్యి దానంతటదే వదులైంది. నాన్న లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. విమానం వెళ్ళిపోయింది, మేం లేకుండానే.

ఉగాది దాకా నాన్న అమ్మతో మాట్లాడలేదు. పచ్చడిలో మామిడికాయ దొరక్క అమ్మ పుల్ల యాపిల్ వేస్తే, "బావుంది," అన్నారు, అదే మొదటి మాట. అమ్మ లైసెన్సు తెచ్చుకుంది, కమ్యూనిటీ కాలేజీలో చేరింది, గ్రీన్‌కార్డు వచ్చాక హైస్కూల్లో ఫిజిక్స్ టీచరైంది. అంతా బాగైపోయిందని చెబితే అబద్ధం. వాళ్ళిద్దరూ ఆ తరవాత ఒకే ఇంట్లో రెండు కాపురాల్లా బతికారు. నవ్వుతూ మాట్లాడుకునేటప్పుడు కూడా మధ్యలో ఒక మెట్టు ఉన్నట్టుండేది. చాలా ఏళ్ళ తరవాత అతిథుల ముందు నాన్న, "మా ఆవిడ నాకంటే బాగా నడుపుతుందండీ," అనేవారు, తనే నేర్పినట్టు.

హెలెన్ గారు నేను కాలేజీలో ఉండగా పోయింది. వాళ్ళబ్బాయి వచ్చి ఇల్లు అమ్మేశాడు. మడత కుర్చీలు రోడ్డు పక్కన పెడితే ఎవరెవరో కార్లు ఆపి తలా రెండు పట్టుకుపోయారట.

మొన్న అక్టోబరులో పని మీద చికాగో వెళ్ళి, ఆ వీధికి పోయాను. మా తెల్ల ఇల్లు లేదు, హెలెన్ గారిదీ లేదు; రెండు స్థలాలూ కలిపి ఒక పెద్ద బూడిదరంగు ఇల్లు కట్టారు. మేపుల్ చెట్లు కొట్టేశారు. ఆ మెట్లు ఎక్కడ ఉండేవో కూడా పోల్చుకోలేకపోయాను. చంటిపిల్లని ఎత్తుకుని ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది, పాతికేళ్ళుంటాయేమో. నేను ఫోన్లో అమ్మతో తెలుగు మాట్లాడటం విని దగ్గరికొచ్చింది.

"తెలుగేనా అక్కా? ఎవరి కోసం చూస్తున్నరు?"

పేరు శ్రావణి, కరీంనగర్. మాటల్లో మాటగా తన సంగతి చెప్పింది. భర్త వీసా మీద వచ్చిన భార్యల్లో కొంతమందికి ఇప్పుడు పని చేసే పర్మిట్ ఇస్తున్నారు కదా, అది తనకీ వచ్చిందట, రెండేళ్ళు జాబ్ చేసిందట. "రెన్యూవల్ ఇంకా రాలే అక్కా. జాబ్ పోయింది. పాప ఉంది కదా, ఇంక వద్దులే అంటున్నడు ఆయన."

"కారు నడుపుతావా?"

"లైసెన్స్ ఉంది. కీస్ ఆయన తీస్కపోతడు."

నేను అక్కడే నిలబడి హెలెన్ గారి సంగతి అంతా చెప్పాను. ఫ్యాక్టరీ, లొరేన్, మంచు, అమ్మ బూట్లు. ఆ అమ్మాయి పిల్లని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ, మధ్యమధ్య ఇంటి తలుపు మీది చిన్న కెమెరా కేసి చూస్తూ విన్నది. అంతా అయ్యాక మెల్లగా అడిగింది.

"ఆమె నంబర్ ఉందా అక్కా?"

ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయిందని చెప్పాను. అలాంటి వాళ్ళు ఈ వీధిలో ఇంకెవరైనా ఉన్నారా అంది. తెలీదన్నాను. టెక్సాస్‌లో ఉంటాను, వెయ్యి మైళ్ళ దూరం, అయినా నా నంబరు రాసుకోమన్నాను. కెమెరాకి వీపు తిప్పి, ఫోన్‌ని పాప దుప్పటి చాటున పెట్టి టైప్ చేసింది. పేరు చెప్పబోయాను. అక్కర్లేదన్నట్టు తలూపి, నా నంబరు పక్కన "ప్లంబర్" అని రాసుకుంది.